ఎరుపు లేని పటం

పట్నం బజారులో కాలేషా కొట్టు.
గోడ నిండా దేవుళ్ళు, పక్కనే కాబా,
గుండె తెరిచి చూపే ఏసయ్య,
చుట్టూ వెలిగి ఆరే బుల్లి బల్బులు.
అమ్మ ఒక్కో పటం ముందూ ఆగి
ధర అడక్కుండానే జరిగిపోతోంది.

సిలువ పటం దించాడు కాలేషా.
"ఇది చూడమ్మా, రక్తం నిజంగా కారినట్టే ఉంటది."
అమ్మ తన అరచేతులు చూసుకుంది.
ఇరవై రెండేళ్ళుగా మిర్చి యార్డులో
తొడిమలు తీసిన చేతులు.
"పొద్దస్తమానం ఎరుపే గదయ్యా,
కళ్ళు మూసుకున్నా ఎరుపే.
ఇంటికాడన్నా అది లేంది చూపియ్యి."

అట్టల వెనక నుంచి లాగాడు:
బొగ్గుతో గీసిన బొమ్మ,
ఫ్రేముకిచ్చి మళ్ళీ రాని డ్రాయింగు మేష్టారిది.
పళ్ళెంలో నీళ్ళు. ఎవరివో పగిలిన మడమలు.
వాటి మీదికి వంగిన వీపు.
ముఖం కనపడదు.
గీయకుండా వదిలేసిన కాగితమే
ఆ కాస్త వెలుగు.

"మొఖం లేకపోతే ఏసయ్యని గుర్తుపట్టేదెట్టా?" అన్నాను.
"ఆ నడుం చూడు," అంది అమ్మ,
"సాయంత్రం ఐదింటికి
మా అందరి నడుములూ అట్టానే ఉంటయ్."

మూడొందలకి తెగింది బేరం.
"బొగ్గమ్మా! అద్దం తీసి తుడిచేవు,
దేవుడు గుడ్డకంటుకుని వచ్చేస్తాడు,"
పాత పేపర్లో చుట్టిచ్చాడు కాలేషా.

ఇంటికొచ్చి మేకు పళ్ళ మధ్య పెట్టుకుని స్టూలెక్కాను,
ట్యూబులైటు పక్కన, పెళ్ళి ఫోటోకి పైన.
"దిగు," అంది.
"మోకాళ్ళ మీదున్నోణ్ణి
అంత ఎత్తున తగిలిస్తావా?"
గడప బయట, కాళ్ళు కడిగే పంపు పక్క గోడకి
నేల నుంచి మూరెడెత్తున కొట్టించింది మేకు.
తడవకుండా పైన ఓ రేకుముక్క.

ఆదివారం అయ్యగారొచ్చారు.
గుమ్మంలోనే రెండు తుమ్ములు.
మా ఇంటికి ఎవరొచ్చినా అంతే,
గోడల్లో కూడా ఘాటు.
"ఏదమ్మా, కొత్త పటం?"
లోపలి గోడలన్నీ వెతికారు, మెడ పైకెత్తి.
ఎవరం చెప్పలేదు.

చెప్పులిప్పి, ప్యాంటు మడిచి,
పంపు తిప్పి
వంగారు.
వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

కాసేపు చూసి
అమ్మే అంది:
"నీళ్ళు పోతన్నయ్, అయ్యగారూ."