మూలకున్న మీట

మాది కొత్తవాడ.
పేరు పెట్టి ఎన్నేండ్లయిందో ఎవలకెరుక,
ఇంకా కొత్తదే.

జంపఖానాల సంఘం ఆఫీసుల
నూలు మూటల నడుమ నా కంప్యూటరు.
కీబోర్డు సందులల్ల పత్తి పీచు.
పొద్దుగాల మొదటి పని, ఊదుడు.

మొన్న హన్మకొండ నుంచి నయీమొచ్చి
మెయిళ్లకు కొత్త ప్రోగ్రాం ఏసిపోయిండు.
"పాతది పీకెయ్యలే సార్,
పైన కుడిమూలకు మీట ఉన్నది చూడు,
ఇటు జరిపితె కొత్తది, అటు జరిపితె పాతది.
ఎన్ని దినాలుంటదో మాత్రం చెప్పలేను."

కొత్తది తెల్లగుంది,
సున్నమేసిన తెల్లారి గోడ లెక్క,
ఒరుగుదామంటె భయం.
రెండక్షరాలు కొడితె చాలు
మిగిలిన వాక్యం అదే అందిస్తది,
పెండ్లిల మారు వడ్డించేటోని తీరు,
ఆకుమీద చెయ్యి అడ్డంపెట్టినా ఇనదు.

పాతది నిదానం.
తెరుచుకునేలోపు చాయ్ తాగి
గిలాస కడిగి బోర్లించొచ్చు.
ఎడమదిక్కు నా ఫోల్డర్లు, నేను పెట్టుకున్న పేర్లు:
పైసలిచ్చినోళ్లు, ఇస్తమన్నోళ్లు,
రంగు దిగిందన్నోళ్లు, మల్ల జూద్దాం.
కొత్తది వాటిని అక్షరాల వరుసల నిలవెట్టింది.
ఇస్తమన్నోళ్లే
అందరికన్న ముందట కూసున్నరు.

నెట్టు పోయిన పూట కొత్తది తెల్లమొఖమేస్తది.
పాతదానికి ఫికరుండదు,
పదమూడేండ్ల ఉత్తరాలు దాని కడుపులనే.
ముసురు పట్టి నీళ్లు గడపెక్కిన యేడు
నలుగురం కలిసి ఆ డబ్బాను
జంపఖానాల దొంతి మీదికెక్కించినం,
ఎనుక కరెంటు తీగ తోక లెక్క ఊగంగ.

ఇంకొకటున్నది పాతదాంట్ల.
నాకంటె ముందు ఈ కుర్చీల ఓదేలన్న.
రంగుల కాగుల కాడ చెయ్యి తిరిగిన మనిషి,
టైపు మాత్రం ఒంటి వేలు.
డ్రాఫ్టులల్ల ఆయనది ఒక్కటే మిగిలింది:
"గౌరవనీయులైన వారికి,
మీరడిగిన నీలం మళ్లీ రావాలంటే"
గంతే. చుక్క గూడ లేదు.
ఆ మధ్యాన్నమే ఎంజీఎంకు తీస్కపోయిన్రు.

కొత్తదాంట్ల డ్రాఫ్టుల కాడ సున్న.
"ఈ మిషన్లనే దాసుకున్నది అటు రాదు సార్,"
అన్నడు నయీం, చాయ్‌ల బిస్కెట్ ముంచుకుంట.
అందుకే ఇటు జరిపి రసీదులు పంపుత,
అటు జరిపి ఒకపారి చూసొస్త.
నింపను. తుడువను.

నా అవస్థ చూసి
ఎనుక షెడ్డుల మగ్గం మీదున్న స్వరూప నవ్వుతది:
"రెండు పడవల మీద కాళ్లు పెడితె మునుగుతరంటరు గని,
ఈ గుంటల కూసోని
పొద్దంత రెండు చెక్కల మీదనే నా కాళ్లు.
ఒకటి తొక్కితె సగం పోగులే లేస్తయి.
కడమ సగం ఎవలు లేపాలె?"

శుక్రారం నాలుగింటికి
మీటకు ఏం తిక్క లేసిందో, రెండూ తెరుచుకున్నయి.
టింగుమన్నది.
జెరసేపాగి మల్ల టింగుమన్నది.
ఆర్డరు ఒక్కటే, రెండు కిటికీలల్ల.
నాలుగారు సైజు, నలభై, అంచు నలుపు,
నడుమ నీలం.

షెడ్డులకు పోయి ఒక్కసారే చెప్పిన.
నాడె ఆపి తలకాయెత్తింది స్వరూప.
"ఏ నీలం?"

నాకు ఓదేలన్న రాసిన కాడికే ఎరుక.