సెంట్రింగు

హెణ్ణూరులో మూడో అంతస్తు మీంచి పడినా.
ఇసక మీద పడినందుకు బతికినా,
ఇసకలో ఇటుక ఉన్నందుకు కాలిరిగింది.

రాడ్డేసినారు. పద్నాలుగు నెలలు.
మోకాలి కింది ఎముక రెండు ముక్కలూ
దాయాదుల మాదిరి
ఎదురెదురుగా ఉండి కూడా కలవలేదు.
మడకశిర నుంచి మా మామ ఫోన్లో
పుత్తూరు కట్టు, పుత్తూరు కట్టు అని ఒకటే పోరు.

"ఎవురిదైనా ఎముక కొంచెం పెట్టాల" అనింది
డాక్టరమ్మ శర్వాణి.
ఒళ్లు జలదరించింది నాకు.
"సచ్చినోళ్లదా మేడమ్?"
"కాదప్పా, అజ్జి బతికే ఉంది.
తుంటి అరిగితే స్టీలు గుండు వేసి
పాత గుండు తీసినాం.
పారెయ్యొద్దని ఇచ్చింది."

రక్తం పరీక్షలంట, కడుగుళ్లంట,
మైనస్ ఎనబై చలిపెట్టెలో ఆర్నెల్లంట.
నాకోసమని కాదు,
ఎవడో ఒకడు పడకపోతాడా అని.

కొబ్బరి తురిమినట్టు తురిమి
సందులో కూరినారు. నేను మత్తులో ఉన్నా.

"అది అట్లనే ఉండిపోతుందా?"
"లేదు. నీ ఎముక దాన్ని పట్టుకొని పాకుతుంది.
కొంచెం కొంచెం తింటుంది,
తిన్నచోట తానే మొలుస్తుంది.
కడాకు అంతా నీదే."

నవ్వొచ్చింది నాకు.
ఇంత చిన్న మాటకు ఇన్ని బొమ్మలు గీయాల్నా మేడమ్?
ఇరవై ఏండ్లుగా నా పని అదే కదా.
జాకీలు నిలబెట్టి, పలకలు పరిచి,
కాంక్రీటు తన కాళ్ల మీద తాను నిలబడేదాకా
కింద కాచుకొని,
ఇరవయ్యొకటో నాడు ఊడదీసుకొని పోతాం.
గృహప్రవేశానికి మమ్మల్ని ఎవురు పిలిచినారు?

అజ్జి పేరు చెప్పరు. రూలంట.
అందుకే ఐదువందల డీ బస్సులో
తుంటి పట్టుకోకుండా ఎక్కే ముసలామె ఎవురొచ్చినా
నేను లేచి నిలబడతా.
"కుంటేది నువ్వు, కూచో మగా" అని
మొన్న ఒకామె కసిరింది కూడా.

నిన్నటి ఎక్స్‌రేలో గీత మాసిపోయింది.
"అజ్జిది ఇంక గింజంత కూడా లేదు" అనింది డాక్టరమ్మ.

లేదా?
సున్నం కొట్టని ఏ స్లాబు కిందికైనా పోయి
తలెత్తి చూడండి మేడమ్.
పలక పోయినా
పలకలోని చెక్క చారలు
కాంక్రీటు మీద అట్లనే ఉంటాయి,
ముడి ఉన్నచోట ముడితో సహా.