ఐదు నిమిషాల గంట

బుధవారం సాయంత్రాలు గంట నా చేతిలో ఉంటుంది,
పిడికిలంత ఇత్తడి గంట.
ఎవరికైనా ఐదు నిమిషాలే,
ఆపైన సాక్షాత్తూ దేవుడే మాట్లాడుతున్నా
కొట్టెయ్యమంటారు రెవరెండ్ ఆసియేదు అమ్మగారు.

హర్మతాన్ గాలి మొదలైంది.
ఎక్కడి సహారా ఇసుకో
ఈ అకువాపెమ్ కొండ దాకా నడిచొచ్చి
మాకంటే ముందే చాపెల్ బల్లల మీద కూర్చుంది.
పగిలిన పెదాలకు షియా వెన్న డబ్బా
వరస చివరిదాకా చేతులు మారుతోంది.

ఆఖరి సంవత్సరం పిల్లలం పంతొమ్మిది మందిమి.
ఇప్పటికి పదకొండు ప్రసంగాలయ్యాయి,
వాటిలో ఏడింట్లో ఆవగింజే.
ఆవగింజంత విశ్వాసానికి కొండలు కదుల్తాయట.
మా కొండ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది,
దాని మీద మేమూ, మా పరీక్షలూ.
అసాబియా ఏడ్చింది, సగంలో.
క్వాబియాది వాళ్ళక్క రాసిచ్చిందేనని అందరికీ తెలుసు.

ఇవాళ ఒటుబియా.
కాగితం లేదు.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక
బల్ల అంచు పట్టుకుంది.

"మా అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు.
ఆదివారం రేడియోలో పాస్టర్ చెప్పేవాడు,
నొప్పి ఉన్నవాళ్ళు రేడియో మీద చెయ్యి వెయ్యండని.
అమ్మమ్మ వేసేది, నన్నూ వెయ్యమనేది.
నాకే నొప్పీ లేదు, అయినా వేసేదాన్ని.
పడుకున్న పిల్లి వీపులా
వెచ్చగా గురగురలాడేది రేడియో.

ఒక శనివారం రాత్రి
దాని బ్యాటరీలు తీసి టార్చిలో వేసుకున్నాను,
నత్తలు ఏరడానికి.
పొద్దున పెట్టడం మర్చిపోయాను.
అమ్మమ్మకి చెవులు అంతంత మాత్రం.
మూగ రేడియో మీద చెయ్యి వేసి
కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి.
రోజూ అనే వేళకే ఆమెన్ అంది.
కర్ర లేకుండా లేచి
బోరింగు దాకా నడిచివెళ్ళింది."

వెనక బల్లల్లో నవ్వులు.

"నవ్వకండి.
ఆవిడ చెయ్యి దేనిమీద వేసిందో
నాకిప్పటికీ తెలీదు.
బ్యాటరీలు నా జేబులో ఉన్నాయని మాత్రం తెలుసు."

అక్కడ ఆగిపోయింది.
గడియారం చూశాను. మూడు నిమిషాల పది సెకన్లు.
ఎవరిదో చెప్పు నేలకు రాసుకుంది.
ఎవరో దగ్గబోయి మింగేశారు.
నాలుగు.
కిటికీలో సూర్యుడు దుమ్ముపట్టిన పళ్ళెంలా దిగుతున్నాడు.
ఐదు.
గంట నాలుకను వేలితో పట్టుకున్నాను.
ఐదున్నర.
నా వేలు చల్లబడింది, నేను కొట్టలేదు.

"అంతే" అని దిగొచ్చి కూర్చుంది.

అమ్మగారు పుస్తకంలో చాలాసేపు ఏదో రాసుకున్నారు.
"చివర ఆమెన్ మర్చిపోయావు" అన్నారు.
"మర్చిపోలేదండీ" అంది ఒటుబియా.

రాత్రి దీపాలార్పాక, పక్క మంచం మీంచి అడిగాను,
తర్వాతేమైందని.
"కొత్త బ్యాటరీలు కొనిపెట్టాను,
ఆ వారమే నొప్పి మళ్ళీ వచ్చింది"
అని అటు తిరిగి పడుకుంది.
నవ్విందో, ఏమో. దుప్పటి కదిలింది.

వచ్చే బుధవారం నా వంతు.
నేనూ ఆవగింజే రాసుకున్నాను.
అందులో అరభాగం కొట్టేశాను.
గంట ఎవరి చేతికివ్వాలో
ఇంకా అనుకోలేదు.