అరటి పుప్పొడి రాల్చదు

రెండు పడవలు జోడించి కట్టి, నడుమ సందు వదిలి
నలుగురం నిలబడ్డాం.
కింద ఇరవై రెండు మీటర్ల నీళ్ళు,
ఆ కింద ఎవరి పాదమూ తగలని బురద.
అగ్నిపర్వతం ఎప్పుడో నోరు తెరిచి
మూయడం మరిచిన చోట ఈ సరస్సు.

బసాలిజా గొట్టం మీద సుత్తి దింపుతుంటే
నేను తాడు పట్టుకుని లెక్కపెట్టాను.
ఒక మీటరు. ఇంకో మీటరు.
పైకొచ్చిన ప్రతి గొట్టం కొసనా
మురిగిన గుడ్డు వాసన, చల్లగా.
నల్లగా వచ్చిన బురద
గాలి తగలగానే గోధుమ రంగుకు తిరిగింది,
చెప్పబోయిన మాట మింగేసిన ముఖంలా.

ఒడ్డున కబహిండా, ఒళ్ళో చిలగడదుంపలతో.
ఈ టోరో కొండల్లో పలకరించే ముందు
ఎంపాకో అడుగుతారు,
ప్రేమగా పిలుచుకునే పేరు.
నాది అబ్‌వూలి. ఆమెది అడ్యేరి.
గొట్టాన్ని వేలితో తట్టి అడిగింది:
"మరి దీని ఎంపాకో?"
నవ్వేశాం. మూత మీద ఉన్నది చదివాను:
నాలుగో మీటరు, రెండో రంధ్రం.

అప్పుడు తీసింది అసలు మాట.
వాలు మీది ఆమె అరటితోటలో
అటవీ శాఖ ఎర్ర రాళ్ళు పాతింది.
ఇది అనాదిగా అడవి, మీరు నిన్నమొన్న వచ్చారు, అని కాగితం.
"మీ బురదకి తెలుసుగా. దాని చేత చెప్పించండి."

కంపాలాలో ఆరు నెలలు.
గొట్టాన్ని నిలువునా చీల్చి, సెంటీమీటరుకో ముక్క,
ముక్కకో సీసా, సీసాలో ఆమ్లం.
సూక్ష్మదర్శిని కింద పై పొరల్లో
పైన్, యూకలిప్టస్: మొన్నటి చుట్టాలు.
దిగితే ఆముదం, గడ్డి, మసి.
పేడ మీద మొలిచే బూజు.
వాన కొండను గీరి తెచ్చిన ఎర్ర ఇసుక, వేలెడు మందం.
ఇంకా దిగితే చెట్లు తిరిగొచ్చాయి.
రెండు వందల ఏళ్ళు ఎవరూ ఏమీ కాల్చలేదు.
వెళ్ళిపోయారో, చచ్చిపోయారో.
దాని కింద మళ్ళీ మసి,
పదకొండు వందల ఏళ్ళ నాటిది.

మనుషులున్నారు, సరే. ఎవరు?
మసి ఏ వంశం పేరూ పలకదు.
నాకు కావలసింది అరటి.
అరటి పుప్పొడి రాల్చదు.
పిలక పక్కన పిలక వేసుకుంటూ,
గాలికి ఏమీ అప్పగించకుండా,
తరతరాలకు కడుపు నింపి
నీళ్ళకు ఒక్క ముక్క రాసివ్వదు.

"ఆకులో గాజుంటుంది, వెతుకు" అన్నాడు బసాలిజా.
ఆకు కుళ్ళినా కరగని రేణువు,
వెంట్రుక మందంలో పదో వంతు,
బుల్లి అగ్నిపర్వతంలా నెత్తిన గుంటతో.
ఈ సరస్సుకు అచ్చు అద్దినట్టే.
మూడు వందల నలభయ్యో సెంటీమీటరు దగ్గర
నాలుగు దొరికాయి.
నాలుగే.
అడవి అరటివీ దాదాపు ఇలాగే ఉంటాయి.
ఆ "దాదాపు" దగ్గర రెండు వారాలు నిద్రపోలేదు.

నివేదికలో "బహుశా" అని రాశాను.
శాఖ లాయరు దాని కింద గీత గీశాడు.
ఇసుక పొర ఫొటో కూడా అతనికి బాగా నచ్చింది:
చూశారా, కొండను కరగబెట్టింది వీళ్ళేగా!

తీర్పు వాయిదాల్లో ఉంది.
ఏప్రిల్ వానల్లో వెళ్ళేసరికి
అడ్యేరి ఎర్ర రాయి మీద కత్తి నూరుకుంటోంది.
నాలుగు, అని చెప్పాను.
బహుశా, అని కూడా చెప్పాను.
ఆమె వేళ్ళ మీద ఎవరెవరినో లెక్కపెట్టుకుంది,
చాలాసేపు, రెండు చేతులూ అయిపోయేదాకా.
"నాలుగంటే తక్కువేం కాదు," అంది.
ఒక పిలక తవ్వి, మట్టి దులపకుండానే
నా చేతిలో పెట్టింది.

ఇవాళ చల్లగదిలో, నాలుగో మీటరు మూత మీద
అంకెల కింద పెన్సిలుతో రాశాను: అటేన్యి.
ఏటి అడుగున ఉంటుందని చెప్పుకునే పాము పేరు.
వచ్చే నెల ఇంకెవరో దాన్ని కోయడానికి వస్తారు.
కత్తి పెట్టే ముందు పలకరించమని
వాళ్ళకు చెప్పాలి.