ఫ్యామిలీ రూమ్ వద్దని చెప్పు

లిఖితా,
రైలు నిన్ను ఆమదాలవలసలో దించుతుంది.
బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది, నమ్మకు,
ఊరు ఇంకా అరగంట.
స్టేషన్ బయట టీకి ఆగకు,
గ్లాసు చల్లారేలోపు షేర్ ఆటో నిండిపోతుంది.

ఏడు రోడ్ల కూడలిలో దిగు.
ఏడింట్లో మూడు అన్నం పెడతాయి,
ఒకటి కాఫీ ఇస్తుంది,
మిగతా మూడూ ఎందుకున్నాయో
నా మూడేళ్ళ ఆడిట్‌లో తేలలేదు.

లాడ్జిలో స్టీలు జగ్గు నీళ్ళు
కిటికీలో తులసికి పొయ్యి.
అది అలవాటు పడింది, బతికేస్తుంది.
నువ్వు సీసా కొనుక్కో.

ఇడ్లీ ఆరున్నరకి.
తొమ్మిది దాటితే సాంబారు
గిన్నె అడుగు చూపిస్తుంది.
అల్లం పచ్చడి కావాలని అడుగు,
అడగనివాళ్ళకి దాని సంగతే చెప్పరు.

మధ్యాహ్నం మీల్స్ దగ్గర మాత్రం జాగ్రత్త.
గడప దాటగానే ఒక చెయ్యి లేస్తుంది:
"ఫ్యామిలీ రూమ్ అటు, మేడమ్."
అక్కడ ఆకుపచ్చ పరదా ఉంటుంది.
ఫ్యాను ఉండదు.
పప్పు రెండోసారి రాదు.
నాలుగు నెలలు నేను ఆ పరదాకి ఎదురుగా కూర్చుని తిన్నాను.
దాని మీద పసుపు మరకలు
ఏది ఏ దేశమో చెప్పగలను.

ఐదో నెల, జూన్, ఉక్క.
హాల్లో స్తంభం పక్క బల్ల మీద
బ్యాగు పెట్టేశాను.
పదిమంది చేతులు ముద్ద దగ్గర ఆగిపోయాయి.
తవిటయ్య ఆకు పరిచి, నీళ్ళు చిలకరించి,
"ఓలమ్మ, ఇన్నాల్లూ ఆ గదిలో ఏటి సేసినారు?
కందిగుండ ఇక్కడే కదా తిరుగుతాది" అన్నాడు.
చేతులు మళ్ళీ కదిలాయి.
అంతే.
అంతకన్నా ఏమీ జరగలేదు.

కళింగపట్నం నుంచి చేప వచ్చిన రోజు
పులుసు ఉంటుంది, బోర్డు మీద రాయరు.
వంటింటి గుమ్మంలో పిల్లి కూర్చుందేమో చూసుకో.

బిల్లు కూడి చూడు.
మనం ఆడిటర్లమని కాదు,
కౌంటరాయన అప్పడం ఒకటి ఎక్కువ రాస్తాడు.
చెబితే నవ్వి కొట్టేస్తాడు.
మూడేళ్ళు చెప్పాను, మూడేళ్ళూ నవ్వాడు.
టిప్పు ప్లేటులో వదలకు, గల్లాపెట్టెలోకి పోతుంది.
తవిటయ్యని పిలిచి చేతికివ్వు.

ఎండలు ముదిరాక
కలెక్టరాఫీసు గోడ నీడలో అసిరమ్మ కుండ దించుతుంది.
చోడంబలి, ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ.
నీ గ్లాసు నువ్వు తీసుకెళ్ళు, ఆవిడేమీ అనుకోదు.
రెండోది తాగకు.
మూడింటికి లెడ్జరు మీద తల వాలిపోతుంది,
మేనేజరు ఫొటో తీస్తాడు.
ఆ ఫొటో ఇంకా ఉంది.

రాత్రుళ్ళు కష్టం.
పాలకొండ రోడ్డులో బారు పక్కనున్న రెస్టారెంటుకి
వెళ్ళొద్దని అందరూ చెప్తారు.
నేను వెళ్ళాను.
ఫ్రైడ్ రైస్ చల్లారిపోయింది గానీ
చూపులు చల్లారలేదు.
ఫ్రైడ్ రైస్ మాత్రం బావుంది.
నీ ఇష్టం.

ఎక్కడికీ వెళ్ళబుద్ధి కాని రోజు
రెండు అరటిపళ్ళు, ఒక పెరుగు ప్యాకెట్టు,
మంచం మీద పరిచిన పాత పేపరు.
సిగ్గుపడకు.
అలాంటి రాత్రులు నెలకి ఆరు.
లెక్కపెట్టడం నా ఉద్యోగం.

రేపు నా ఆఖరి మీల్స్.
తవిటయ్యకి చెప్పాను,
సోమవారం నుంచి ఒక తెనాలమ్మాయి వస్తుంది,
కారం ఎంతేసినా చాలదంటుంది అని.
"ఏడ కూకుంటాది?" అన్నాడు.
స్తంభం పక్కనే అన్నాను.

ఆ బల్లకి ఒక కాలు పొట్టి.
అట్టముక్క మడిచి పెట్టి ఉంచాను.
ఊగితే,
ఇంకో మడత వెయ్యి.