అతుకు

ఎనిమిదికి మోటారు వేస్తాను.
పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ, గ్రేడింగ్ హాలు,
చుట్టు తిరిగితే నలభై రెండడుగుల బెల్టు.
అటు నలుగురు, ఇటు నలుగురు.
రోలర్లు నావి, గ్రీజు నాది,
పప్పు మాత్రం ఎవరిదో.

పాత బెల్టుకి ఇనుప క్లిప్పుల అతుకు.
అది డ్రమ్ము మీదికెక్కినప్పుడల్లా టక్కుమనేది,
నాలుగు నిమిషాలకొక టక్కు.
నాకది పంటి కింద రాయి.

మొన్న వైశాఖంలో కొత్త బెల్టొచ్చింది.
రెండు కొసలూ పళ్ళుపళ్ళుగా కోసి
పన్నులో పన్ను దూర్చి
వేడి పలకల మధ్య అతికాను.
వేలితో తడిమినా తెలీదు మొదలెక్కడో.
షావుకారు వీపు తట్టాడు.
ఆ రాత్రి కాశీబుగ్గలో మా ఇంటిదానికి రెండుసార్లు చెప్పుకున్నాను.

వారం తిరక్కుండా సూపర్‌వైజర్ దండాసి కేకేశాడు:
బెల్టు అంచున ఎర్రమచ్చ,
పప్పులో పడితే సరుకు వాపసు, గీకెయ్.

పైన మోసుకెళ్ళిన బెల్టు
కింద ఖాళీగా వెనక్కొస్తుంది.
అది చూసేది నేనొక్కణ్ణే.
వెల్లకిలా పడుకుంటే
ముక్కుకి జానెడు దూరంలో
స్టిక్కర్ బొట్టు.

తవిటమ్మ వంగి, నా కాళ్ళతో మాట్లాడినట్టు అంది:
"తియ్యకు బాబూ.
గోడ గడియారం ఆపీసు గదిలోకి ఎలిపోనాది.
పోన్లు గేటుకాడే లాగీసుకుంతన్నారు.
పదైదు టక్కులకి గంటని నెక్కెట్టుకునీవోళ్ళం.
నువ్వు దాని నోరు మూసీసినావు."

నా చేతి మీద అంత మంచి అతుకు ఇంతవరకూ పడలేదు.

బొట్టు గీకేశాను.
అదే చోట, అంచు మందంలో, నీలం గీత పెట్టాను.
బెల్టు పక్కకి జరుగుతోందేమో చూసే గుర్తన్నాను దండాసితో.
అబద్ధమేం కాదు.

ఇవాళ కింద గ్రీజు పెడుతున్నాను.
గీత దాటినప్పుడల్లా
ఏదో ఒక మట్టె గచ్చు మీద
టక్కు.

గంట కొట్టాల్సింది అరవయ్యో చుట్టుకి.
అరవై ఒకటి వెళ్ళింది.
అరవై రెండు.
రేపే లారీ అట, ఆర్డరు అర్జెంటట.
అరవై మూడోది నా మీదుగా పోయింది.
మట్టెలున్నవీ లేనివీ
ఎనిమిది జతల పాదాలు ఒక్కసారే.

లేచి చూస్తే
చేతులన్నీ ఒళ్ళో ఉన్నాయి.
గుండు, బద్ద, ముక్క, తొక్క వదలనిది,
అన్నీ కలగాపులగంగా
ఎవరూ ముట్టకుండా కొసదాకా వెళ్ళి
రేకు డబ్బాలో పడుతున్నాయి.

దండాసి స్విచ్చు వైపు చూసి
నా వైపు చూశాడు.
నేను చేతుల గ్రీజు తుడుచుకుంటున్నాను.
చాలాసేపు తుడుచుకున్నాను.