పేరా 3.14

పబ్లిక్ గార్డెన్స్ వైపు కిటికీ తెరిస్తే
వేపపూత వాసన లోపలికొస్తుంది,
మూస్తే ఫైళ్ళది.
ఏసీ పడదని చైర్మన్ గారు తెరిపించారు.

నా కుర్చీ బల్లకు ఓ పక్కన,
ఎవరి వరసలోనూ కాదు.
ఇరవై ఆరేళ్ళుగా మాటల్ని గీతల్లో పట్టడం నా పని.
అడిగేవాళ్ళు మారారు, చెప్పేవాళ్ళు మారారు,
"వివరాలు సేకరిస్తున్నాం" మారలేదు.
దానికి ఓ చిన్న కొక్కెం గుర్తు పెట్టుకున్నాను
పెన్సిలు అరక్కుండా.

ఇవాళ పేరా 3.14.
కమ్మరిగల్లీ నాలా పూడికతీత.
నాలుగు వేల రెండువందల పన్నెండు టన్నులు
ఎత్తినట్టు, మోసినట్టు, పారబోసినట్టు బిల్లులు.
డబ్బు చెల్లించి తొమ్మిదేళ్ళు.
సంతకాల్లో ఒకాయన రిటైరయ్యారు, రెండో ఆయన పోయారు,
మూడో సంతకం ఎవరిదో ఫైలుకే తెలియదు.
కార్యదర్శి చెవిలో అంకెలు అందిస్తున్న ఇంజనీరు క్షీరసాగర్
ఆ ఏడు ఇంటర్ చదువుతున్నాడట.

పొద్దున సభలో ఒకరి మీదొకరు కాగితాలు చింపి విసిరిన ఇద్దరు
ఇక్కడ ఒకే పేజీ మీదికి వంగి
వేలితో కూడుకుంటున్నారు.

బాలమణి గారు మొదటిసారి గెలిచినామె.
లావు పుస్తకం మూసి,
"పైసల సంగతి తర్వాత సార్,
గంత మట్టి ఏడ పోశిన్రు?
మా ఊళ్లె ఒక్క ట్రాక్టరు దించితేనే
ఎవలిదని నలుగురొచ్చి అడుగుతరు.
గిన్ని టన్నులంటే గుట్టయితది.
గా గుట్ట చూపియ్యుండ్రి" అంది.

కార్యదర్శి పేజీ తిప్పారు. మళ్ళీ వెనక్కి తిప్పారు.
యూసుఫ్ పాషా టీ ట్రేతో గుమ్మంలోనే ఆగిపోయాడు.

మౌనానికి నా దగ్గర గుర్తు లేదు.
రికార్డులో ప్రశ్న కింద జవాబే ఉంటుంది,
మధ్యలో ఎంతసేపు గడిచిందో ఉండదు.

గుట్ట ఎక్కడుందో నాకు తెలుసు.
ఆ ఏడే, అక్టోబరు రాత్రి, నాలా మా గడప దాటింది.
మంచం మీద మంచం వేసి అమ్మను కూచోబెట్టాం.
తెల్లారి బియ్యం డబ్బాలోంచి,
కుట్టుమిషను సొరుగులోంచి,
మా అమ్మాయి పదో తరగతి మెమో మడతల్లోంచి
తీశాం ఆ మట్టి,
దోసిళ్ళతో, ఏ బిల్లూ లేకుండా.

నేను మాట్లాడకూడదు.
"పదిహేను రోజుల్లో సమర్పిస్తాం" అన్నారు కార్యదర్శి.
కొక్కెం గీశాను.

సాయంత్రం సాఫు ప్రతి టైపు చేస్తూ కూచున్నాను.
సభ్యుల యాసను పుస్తక భాషలోకి దించడం
మా సెక్షన్ ఆనవాయితీ.
అన్నీ దించాను.
"గా గుట్ట చూపియ్యుండ్రి" దగ్గర మాత్రం
వేళ్ళు ఆగి,
ఉన్నదున్నట్టు కొట్టాయి.